దగ్గు

ఆదోని పత్తి మార్కెట్టు వెనక సందులో
మా మామ ఫోటో స్టూడియో.
తొంభై ఒకటో సంవత్సరం, ఎండాకాలం.
ఫ్యాను ఆపేసి, తలుపుకు బొంతలు కట్టి
ఉరుకుందప్పను తెర ముందర నిలబెట్టినాం.
తెర మీద కాశ్మీరు. మంచుకొండలు, ఒక పడవ.
దాని ముందర హొళగుంద నుంచి వచ్చిన
బావులు తవ్వే మనిషి,
మోకాళ్ళ దాకా సుద్దమన్నుతో.

వాయిద్యమేదప్పా అంటే
బొక్కెన బోర్లించి చూపించినాడు.

రెండు పక్కలా కలిపి పదకొండు పాటలు,
అన్నీ ఆయన కట్టినవే.
రాయడం రాదు.
"రాసేదేముంది, లోపల ఒక్కన్నే ఉంటా,
పైనున్నోళ్ళకు వినపడాలని అరుస్తా,
అదే పాటయితాది" అన్నాడు.

మూడో పాటకు ఇప్పటికీ పసిపిల్లలు నిద్రపోతారు,
దాంట్లో ఉండేదంతా వడ్డీ లెక్కలే.

ఏడో పాట:
"బాయి తవ్వినోడా, బాయి తవ్వినోడా,
నీ దప్పిక ఎన్ని మట్లు?"
అని అడిగి
జవాబు చెప్పబోయే ముందర దగ్గినాడు.
చిన్న దగ్గు. గొంతులో ఇసుక కదిలినట్టు.
తర్వాత జవాబు.

మళ్ళీ పాడప్పా అంటే టేపు ఖరీదు అడిగినాడు.
ముప్పై అయిదు అని చెప్పినా.
"ఒక దగ్గుకు ముప్పై అయిదా!"
బొక్కెన చంకన పెట్టుకొని మెట్లు దిగిపోయినాడు.

నూటాయాభై కాపీలు తీసినాం.
జాతరలో అరవై పోయినాయి.
మిగిలినవి మామ అటక మీద
ఎలుకలకు పాట నేర్పినాయి.

ఆ అరవై చాలినాయి.
కౌతాళం, కోసిగి, పెద్దకడుబూరు,
సుగ్గి లారీలెక్కి పాట గుంటూరు మిరపచేన్లకు పోయింది,
కూలి లేకుండా తిరిగొచ్చింది.
పోయిన చోటల్లా ఒక మాట జారిపోయింది, ఒక మాట ఎక్కింది.
బాయి బోరయింది. మట్లు అడుగులైనాయి.
ఆయన చెప్పిన జవాబు ఊరికొక తీరు:
ఒక ఊర్లో "అప్పు కాయితమంత",
ఇంకో ఊర్లో "నా కొడుకు నడిచినంత",
చిప్పగిరి ఆడోళ్ళు జవాబే చెప్పరు, నవ్వుతారు.
అసలు ఆయనేమన్నాడో
ఇప్పుడు నాకూ అనుమానమే.

దగ్గు మాత్రం మారలేదు.
ఎవరూ దగ్గరు గానీ, ఆ చోట ఆగుతారు,
ఒక దగ్గు పట్టేంత సేపు.

ఉరుకుందప్పకు అది తగ్గనే లేదు.
రెండువేల మూడులో, కర్నూలు పెద్దాసుపత్రిలో,
డాక్టరు ఊపిరితిత్తుల ఫోటోను వెలుతురుకు పట్టి చూపిస్తే
నా దిక్కు తిరిగి
"మీ మామ తీసిందే బాగుండె, వెనక మంచుండె" అన్నాడు.

పోయిన మాఘమాసం నా కూతురి పెండ్లి.
డీజే పిల్లోడు అదే పాట వేసినాడు,
హైదరాబాదులో ఎవరో కీబోర్డు పెట్టి కొత్తగా పాడింది.
బాగుంది. అబద్ధమెందుకు, నేనూ కాలు కదిపినా.
దాంట్లో దగ్గు లేదు, కడిగేసినారు.
"ఎన్ని మట్లు" అన్నంతనే
స్పీకరు జవాబులోకి దూకేసింది.
ఉగ్గాని తింటున్న ముసలోళ్ళు,
షామియానా వెనక గిన్నెలు తోముతున్న ఆడోళ్ళు,
కూడా పాడుతున్నోళ్ళంతా ఆడ ఆగినారు.
ఒక్క గుక్క.
ఆ తర్వాత పాట అయిపోయేదాకా
స్పీకరు ముందర, మేం వెనక.

గిన్నెల కాడ ఏడేండ్ల పిల్ల, పేరు నరసక్క.
దానికి క్యాసెట్టంటే తెలీదు, ఉరుకుందప్పంటే తెలీదు,
బావిలో నీళ్ళు చూసిందో లేదో.
అదీ ఆగింది, చేతిలో బూడిద పీచుతో.

నువ్వెందుకాగినావే అని అడిగితే
ఇంత పెద్దోడికి ఇది కూడా తెలీదా అన్నట్టు చూసి
చెప్పింది:

"ఆయప్ప ఇంగా చెప్పల్లే కదా."